అక్కాచెల్లెళ్లం కలిసి చేస్తున్న నిశ్శబ్దపు పని: మా మధ్య అభ్యంతరమే లేకపోవడం లోపమా?

ప్రశ్న (సిరాగీత)

అందరికీ నమస్కారం. నేనూ మా చెల్లెలూ మూడేళ్లుగా కలిసి ఇన్‌స్టలేషన్లు, అంటే ఒక గదినంతటినీ కళాకృతిగా మలిచే పనులు, చేస్తున్నాము. నాది సిరా పని, ఆమెది ధ్వని. గదిలో వెలుతురు ఎక్కడినుంచి ఎంత పడాలన్నది కూడా ఆమే చూసుకుంటుంది. పొడవైన నూలు వస్త్రం మీద, ఊపిరి విడిచినంతసేపు ఒక్క గీత చొప్పున నేను గీసుకుంటూ వెళ్తాను. ఊపిరి అయిపోతే గీత ఆగుతుంది. తిరిగి ఊపిరి నిండేవరకు కుంచె గాలిలోనే ఉంటుంది. ఒక్కో వస్త్రం నిండడానికి సుమారు పదిహేను రోజులు పడుతుంది. చెల్లెలు నా ఊపిరిని, తన ఊపిరిని, తంత్రీవాద్యాల శ్రుతిని రికార్డు చేసి, వాటినుంచి చాలా నెమ్మదిగా సాగే ధ్వనిని తయారు చేస్తుంది. చూడవచ్చినవారు ఆ వస్త్రాల మధ్య నడవవచ్చు, కూర్చోవచ్చు, కళ్లు మూసుకొని వినవచ్చు. ఇలాంటివి రెండు పూర్తి చేశాము. మూడవది సగంలో ఉంది: పన్నెండు వస్త్రాలు, ఆరు స్పీకర్లు, నలభై నిమిషాల ధ్వని.

నన్ను కలవరపెడుతున్న విషయం ఇది. ఈ మూడేళ్లలో మేమిద్దరం పని గురించి ఒక్కసారి కూడా వాదించుకోలేదు. నేను వస్త్రం పరచగానే అది ఏ ధ్వనిని కోరుతుందో ఆమెకు తెలిసిపోతుంది. ఆమె రెండు స్వరాలు వినిపించగానే నా చెయ్యి ఎంత బరువుగా కదలాలో నాకు తెలిసిపోతుంది. చిన్నప్పుడు ఒకే గదిలో నిద్రపోయినవాళ్లం, ఒకే గోడను చూస్తూ పెరిగినవాళ్లం కాబట్టి మాకు మాటల అవసరం అంతగా పడదని ఇన్నాళ్లూ గర్వపడ్డాను. ఏదైనా తేల్చుకోవలసి వచ్చి అడిగితే "నీ ఇష్టం అక్కా, నాకూ అదే అనిపిస్తోంది" అంటుంది. పని అక్కడితో ముందుకు సాగిపోతుంది.

అయితే రెండవ ప్రదర్శన చివరి రోజున ఒక పెద్దాయన దాదాపు అరగంట కూర్చుని, వెళ్తూ వెళ్తూ నాతో, "ఇక్కడ హాయిగా ఉందమ్మా, కానీ నాకు ఏమీ జరగలేదు" అన్నారు. ఆయన నొప్పించాలని అనలేదు. నిజం చెప్పారని నాకు అప్పుడే అర్థమైంది. ఆనాటినుంచి మా పనిని చూసినప్పుడల్లా, ఇది నిశ్శబ్దమా, లేక ఇద్దరు మనుషులు ఒకరినొకరు కదిలించకుండా జాగ్రత్తపడడం వల్ల ఏర్పడిన నిశ్చలత మాత్రమేనా అన్న సందేహం వెంటాడుతోంది. ధ్యానానికీ మగతకూ మధ్య ఉండే తేడా అనుభవించినవారికి తెలుస్తుంది. ధ్యానంలో మనసు మేలుకొని ఉంటుంది. మా గదిలో మనసు మేలుకొని ఉంటోందా అన్నదే నా ప్రశ్న.

దీనికి తోడు మరో రెండు చిక్కులు ఉన్నాయి. మూడవ పనిని ప్రదర్శించడానికి ముందుకొచ్చిన ఒక గ్యాలరీవారు, మా ఇద్దరి చిన్ననాటి ఛాయాచిత్రాన్ని ప్రవేశద్వారం దగ్గర పెద్దదిగా వేలాడదీద్దామని, అక్కాచెల్లెళ్ల అనుబంధమే ఈ ప్రదర్శనకు ఇతివృత్తమని రాద్దామని అంటున్నారు. నాకు ఎందుకో మనసొప్పడం లేదు. రెండవది, వస్త్రాలు విడిగా అమ్ముడుపోతాయి, ధ్వని అమ్ముడుపోదు. అందువల్ల ఇప్పటివరకు వస్త్రాల మూలన నా సంతకం ఒక్కటే ఉంది. అన్నదమ్ములుగానో, అక్కాచెల్లెళ్లుగానో కలిసి పనిచేస్తున్నవారు, లేదా అలాంటి పనులను దగ్గరగా చూసినవారు ఎవరైనా ఉంటే మీ ఆలోచనలు చెప్పగోరుతున్నాను.

సమాధానం 1 (పడుగుపేక)

సిరాగీత గారూ, నేను మగ్గం మీద పనిచేస్తాను, మా తమ్ముడు వీడియో తీస్తాడు. పదకొండేళ్లుగా కలిసి చేస్తున్నాము, మధ్యలో ఒకటిన్నర సంవత్సరం మాట్లాడుకోలేదు కూడా. అందువల్ల మీ ప్రశ్నను చదువుతున్నప్పుడు మా మొదటి రెండేళ్లే గుర్తుకొచ్చాయి.

ముందుగా ఒక మాట చెప్పనివ్వండి, తప్పుగా అనుకోకండి. "నీ ఇష్టం అక్కా" అన్నది ఏకాభిప్రాయం కాదు. అది వయసుకు ఇచ్చే మర్యాద. మా తమ్ముడు కూడా చాలాకాలం నాతో అలాగే అన్నాడు, నేను దానిని మా ఇద్దరి మనసులూ ఒకటే అనడానికి రుజువుగా తీసుకున్నాను. ఒకరోజు అతని పాత హార్డ్‌డిస్క్‌లో వేరే ఫైలు కోసం వెతుకుతుంటే, మేము కలిసి చేసిన ప్రతి పనికీ అతను తనకోసం విడిగా కూర్చుకొని, నాకు ఎన్నడూ చూపించని రూపాంతరాలు కనిపించాయి. వాటిలో రెండు మేము ప్రదర్శించినవాటికంటే మెరుగ్గా ఉన్నాయి. ఆ రాత్రి నేను ఎంత సిగ్గుపడ్డానో ఇప్పటికీ మరచిపోలేదు. మీ చెల్లెలు గారి విషయంలోనూ అలాగే జరుగుతోందని నేను అనను. కానీ ఆమె చూపించనివి ఏమైనా ఉన్నాయా అని మీరు ఒక్కసారి అడిగి చూడండి, అడిగిన తరువాత ఆమె జవాబు చెప్పేవరకు మీరేమీ మాట్లాడకండి.

ఆ తరువాత మేము పెట్టుకున్న పద్ధతి ఇది. ఇద్దరం వేరువేరు గదుల్లో పనిచేస్తాము. ఒకరు ఒక ముక్క పూర్తి చేసి రెండవవారికి ఇస్తారు, వివరణ ఏమీ ఇవ్వరు. రెండవవారు దానికి మాటలతో కాక తమ మాధ్యమంతోనే జవాబివ్వాలి. నేను నేసిన బట్టకు అతను వీడియోతో బదులిస్తాడు, ఆ వీడియోకు నేను మళ్లీ మగ్గం మీద బదులిస్తాను. వీటికి తోడు, ఒక్కో పనిలో ఒక్కొక్కరికి ఒక్కసారి, కారణం చెప్పనవసరం లేకుండా "వద్దు" అనే హక్కు ఉంది. ఎదుటివారు దానిని మన్నించి తీరాలి. ఈ హక్కు మొదటిసారి నామీద ప్రయోగించబడినప్పుడు నాలుగు నెలల నేత పక్కన పెట్టవలసి వచ్చింది. కష్టంగానే అనిపించింది. కానీ అది పోయాకనే గదిలో గాలి ఆడింది.

వేరుగా ఉండి పనిచేస్తే మీ ఇద్దరి పోలిక పోతుందని భయపడనక్కర లేదు. బ్రిటన్‌కు చెందిన కవలలు జేన్, లూయీజ్ విల్సన్‌లు ఒకరు న్యూకాసిల్‌లో, మరొకరు డండీలో వేరువేరు కళాశాలల్లో చదివి, 1989లో పట్టా కోసం ఒకే రకమైన ప్రదర్శనలను సమర్పించారు. దూరం వారి సామ్యాన్ని తగ్గించలేదు. ఆ తరువాత వారు చేసిన వీడియో ఇన్‌స్టలేషన్లలో, ముఖ్యంగా తూర్పు జర్మనీ రహస్య పోలీసుల పాత భవనంలో తీసి 1997లో ప్రదర్శించిన దానిలో, ఖాళీ గదులు, నడవాలు, తలుపులు తప్ప దాదాపు ఏమీ జరగదు. అయినా చూసేవారు అప్రమత్తంగా ఉంటారు. గది మూలల్లో జంటలుగా పడే దృశ్యాలు ఒకదానికొకటి దాదాపుగా సరిపోతూ, పూర్తిగా సరిపోకుండా ఉండడమే దానికి కారణమని నా నమ్మకం.

నియమం గురించి మరో ఉదాహరణ చెప్పాలి, ఎందుకంటే మీరు ఊపిరికొక గీత అన్న నియమంతో పనిచేస్తున్నారు. క్రిస్టీన్, మార్గరెట్ వర్థైమ్ కవల అక్కాచెల్లెళ్లు. ఒకరిది కవిత్వం, బోధన, మరొకరిది విజ్ఞానశాస్త్ర రచన. 2005లో వారు లాస్ ఏంజెలస్‌లో క్రోషే అల్లికతో పగడపు దిబ్బలను అల్లడం ప్రారంభించారు. దానికి ఆధారం డైనా టైమినా అనే గణిత శాస్త్రవేత్త 1997లో కనుగొన్న పద్ధతి: వరుసలో ప్రతి కొన్ని కుట్లకు ఒక కుట్టు చొప్పున క్రమం తప్పకుండా పెంచుతూ పోతే, అల్లిక చదునుగా ఉండలేక మడతలు మడతలుగా ముడుచుకొని, గణితంలో అతిపరావలయ తలం అనే, అంచుకు వెళ్లేకొద్దీ విస్తరిస్తూ వంపులు తిరిగే తలంగా తయారవుతుంది. నియమాన్ని కచ్చితంగా పాటించినంతకాలం వచ్చిన రూపాలన్నీ అందంగా, కానీ గణిత నమూనాల్లాగానే ఉన్నాయి. కుట్లను పెంచే లెక్కను మధ్యమధ్య కావాలనే మార్చడం మొదలుపెట్టాకనే అవి సముద్రంలోని ప్రాణుల్లా కనిపించసాగాయి. తరువాత వేలమంది ఆ అల్లికలో చేరారు. 2019లో వెనిస్ బియెనాలే అనే అంతర్జాతీయ కళాప్రదర్శనలో కూడా దానిని ప్రదర్శించారు. మీరిద్దరూ నియమాన్ని చక్కగా పాటిస్తున్నారు. దానిని ఎవరు, ఎక్కడ తప్పుతారు అన్నది ఇంకా నిర్ణయించుకోలేదని నాకు తోస్తోంది.

సమాధానం 2 (మంద్రశ్రుతి)

నేను ధ్వనితో పనిచేస్తాను కాబట్టి మీ చెల్లెలు గారి వైపునుంచి మాట్లాడతాను. మీరు ఆమె ధ్వనిని వర్ణించిన తీరులో, ఆమె మీ ఊపిరినీ తన ఊపిరినీ కలిపి ఒకటిగా చేస్తున్నట్టు అనిపించింది. నా దృష్టిలో చిక్కు అక్కడే ఉంది.

రెండు స్వరాలు సరిగ్గా ఒకే శ్రుతిలో ఉంటే చెవికి ఒక్కటే వినిపిస్తుంది, కొద్దిసేపటికి చెవి దానిని పట్టించుకోవడం మానేస్తుంది. అదే ఒకటి 220 హెర్ట్జ్ (సెకనుకు 220 కంపనాలు), మరొకటి 221 హెర్ట్జ్ అయితే, ధ్వని సెకనుకొకసారి ఉబ్బి తగ్గుతుంది. ఈ ఉబ్బు ఆ రెండు స్వరాల్లో దేనిలోనూ లేదు, వాటి మధ్య ఉన్న తేడాలో ఉంది. ఆ తేడాను ఒక హెర్ట్జ్‌లో పదవ వంతుకు తగ్గిస్తే ఉబ్బు పది సెకన్లకొకసారి వస్తుంది, అంటే ప్రశాంతంగా కూర్చున్న మనిషి నిండుగా ఒక ఊపిరి తీసి విడిచేంత సమయం. పైగా ఆ రెండింటినీ ఒకే స్పీకరులో కాకుండా ఎదురెదురుగా ఉన్న రెండు స్పీకర్లలో వదిలితే, ఉబ్బు గదిలో అన్నిచోట్లా ఒకేసారి రాదు; మీరు రెండడుగులు పక్కకు జరిగితే అది మరో క్షణంలో వస్తుంది. వస్త్రాల మధ్య నడిచేవారి నడకను బట్టి ధ్వని మారుతుందన్నమాట. మీ ఇద్దరి స్వరాలనూ కలపకుండా, ఒక్కొక్కరిది గదికి ఒక్కో వైపు ఉంచి, చాలా స్వల్పమైన తేడాతో వదిలి చూడమని ఆమెతో చెప్పండి. ఎవరైనా ఒకరి స్పీకరు ఆపేస్తే ఆ అల ఆగిపోతుంది. నాకు తెలిసినంతలో ఇద్దరు తోబుట్టువులు కలిసి చేసే పనికి ఇంతకంటే దగ్గరి పోలిక లేదు.

హిందుస్తానీ సంగీతంలోని పాత గానరీతి ధ్రుపద్‌లో డాగర్ కుటుంబపు సోదరుల గానాన్ని మీరు వినే ఉంటారు. మొయినుద్దీన్, అమీనుద్దీన్ డాగర్‌లు ఆలాపన చేస్తున్నప్పుడు మొదట వినేవారికి ఒకే గొంతు రెండు చోట్లనుంచి వస్తున్నట్టు ఉంటుంది. శ్రద్ధగా వింటే ఒకరు ఒక స్వరం మీద నిలిచి ఉండగా మరొకరు దానిని పక్కనుంచి సమీపిస్తున్నారని, ఇద్దరూ ఒకరికొకరు చోటు వదులుతున్నారని తెలుస్తుంది. అదే కుటుంబంలో జియా మొహియుద్దీన్ డాగర్ రుద్రవీణను, ఆయన తమ్ముడు జియా ఫరీదుద్దీన్ గాత్రాన్ని ఎంచుకున్నారు. గొంతుకు సాధ్యమయ్యే నిదానమైన ఆలాపనను తంత్రి మీద నిలబెట్టడం కోసం అన్నగారు వీణ బుర్రలను, దండిని పెద్దవి చేయించి వాద్యాన్నే మార్చుకున్నారు. ఒకే సంప్రదాయంలో పుట్టినా, ఎవరి మాధ్యమానికి ఏది కావాలో దానిని వారు వెతుక్కున్నారు. మీ పనిలో వస్త్రం ముందు వస్తోంది, ధ్వని దానికి తగినట్టు తరువాత వస్తోంది. ఈసారి దానిని తిరగెయ్యండి. బొమ్మలతో సినిమాలు తీసిన క్వే కవల సోదరులు 1986 నాటి తమ ప్రసిద్ధ చిత్రానికి సంగీతాన్ని ముందుగానే చేయించుకొని, దాని వెంట బొమ్మలను కదిలించారు. సంగీతం ముందు నిలిచి ఉండడం వల్లనే ఆ చిత్రంలోని దుమ్ము, మేకులు, దారాలు కూడా ఏదో వింటున్నట్టు ఉంటాయి. ఆమె నలభై నిమిషాలను ముందు పూర్తి చేయనివ్వండి, మీరు వస్త్రాన్ని అప్పుడు పరచండి.

ప్రతిధ్వనిని కూడా పట్టించుకోండి. అమెరికా సంగీతకర్త పాలీన్ ఆలివెరోస్ 1988లో తన సహచరులతో కలిసి భూగర్భంలోని ఒక ఖాళీ నీటి తొట్టెలో రికార్డింగు చేశారు. అక్కడ ఒక్క స్వరం ఆరిపోవడానికి 45 సెకన్లు పట్టేది. అలాంటి చోట తొందరపడి వాయిస్తే అంతా కలగాపులగం అవుతుంది. తాము వాయించినది తిరిగి వచ్చేవరకు ఆగి, వచ్చినదానికి జవాబుగానే తరువాతి స్వరం వేయవలసి వచ్చింది. మీ వస్త్రాలు నూలువి కాబట్టి ప్రతిధ్వనిని చాలావరకు పీల్చేస్తాయి. పన్నెండు వస్త్రాలున్న గది ధ్వనిపరంగా దాదాపు దుప్పటి కప్పుకున్న గది. ఈ సంగతి మీ చెల్లెలు గారికి తెలియకుండా ఉండదు. ఆమె చెప్పలేదంటే, చెప్తే మీ వస్త్రాలను తగ్గించమన్నట్టు అవుతుందని ఊరుకున్నారేమో.

సమాధానం 3 (చూపరి)

నేను కళాకారుడిని కాను. ప్రదర్శనశాలల్లో బల్లలు, దీపాలు, తెరలు అమర్చే పని చేస్తాను కాబట్టి చూడవచ్చినవారిని చాలా గంటలు గమనించే అవకాశం ఉంది. పడుగుపేక గారి మాటల్లో ఒకదానితో నేను ఏకీభవించలేకపోతున్నాను. వేరు గదులు అందరికీ మందు కాదు. అమెరికాకు చెందిన కవలలు డగ్, మైక్ స్టార్న్‌లు 2010లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పైకప్పు మీద వేలాది వెదురు బొంగులను తాళ్లతో కట్టుకుంటూ ఒక పెద్ద అలలాంటి నిర్మాణాన్ని లేపారు. కొండలెక్కేవారి బృందం నెలల తరబడి దానిని కడుతూనే ఉంది. చూడవచ్చినవారు అది పెరుగుతుండగానే దాని కిందా దానిలోపలా నడిచారు. ఇక్కడ ఎవరిది ఏ బొంగు అన్న విభజన లేదు, ఆ అన్నదమ్ములు దశాబ్దాలుగా పక్కపక్కనే ఉండి పనిచేస్తున్నవారు. అయినా అది మగత కలిగించే పని కాదు, ఎందుకంటే ప్రతి ముడీ బరువు మోయాలి, తప్పు కడితే మనిషి పడిపోతాడు. పదార్థమే వారికి అభ్యంతరం చెప్తోంది. మీ సిరా, మీ వస్త్రం మీకు ఏం అభ్యంతరం చెప్తున్నాయి? ఊపిరి మధ్యలో దగ్గు వస్తే ఆ గీతను ఉంచుతున్నారా, లేక ఆ వస్త్రాన్ని పక్కన పెట్టి మళ్లీ మొదలుపెడుతున్నారా? నాకు నిజంగా తెలుసుకోవాలని ఉంది.

ఇక ఛాయాచిత్రం గురించి. వద్దనే చెప్పండి. ద్వారం దగ్గర ఇద్దరు చిన్నపిల్లల బొమ్మ కనిపించిన క్షణంలోనే వచ్చినవారికి ఏం అనుభవించాలో తెలిసిపోతుంది, లోపలికి వెళ్లి దానినే సరిచూసుకొని వచ్చేస్తారు. బాల్యం పనిలోకి రాకూడదని కాదు. హ్యూస్టన్‌లో మార్క్ రోత్కో చిత్రాల కోసం కట్టి 1971లో తెరిచిన ఎనిమిది మూలల మందిరం ఉంది కదా, దాదాపు నల్లగా కనిపించే 14 చిత్రాలు ఉన్న గది అది. చిత్రకారుడు అప్పటికే మరణించాడు. ఆయన స్నేహితుడు మోర్టన్ ఫెల్డ్‌మన్ ఆ గది కోసమే ఒక సంగీత రచన చేయగా, 1972లో దానిని అక్కడే వినిపించారు. బృందగానం, వయొలా (వయొలిన్ కంటే కాస్త పెద్ద వాద్యం), తాళవాద్యాలు, సెలెస్టా (చిన్న గంటల్లా మోగే మీటల వాద్యం). ఇరవై నిమిషాలకు పైగా స్వరాలు పలచగా, విడివిడిగా వస్తాయి, రాగం అనదగినది దాదాపు ఉండదు. చివరికి వయొలా మీద ఒక చిన్న రాగం వినిపిస్తుంది. అది ఫెల్డ్‌మన్ కుర్రవాడిగా ఉన్నప్పుడు రాసుకున్నది. అంతసేపు ఆ నిశ్శబ్దంలో కూర్చున్నవారికి అది కథ చెప్పకుండానే తగులుతుంది. అదే రాగాన్ని ద్వారం దగ్గర వాయించి ఉంటే ఎవరూ తలెత్తి చూసేవారు కారు.

ఒక చిన్న సంగతి కూడా చెప్పి ముగిస్తాను. కూర్చోవడానికి వీపు ఆనే ఆసరా ఉన్న బల్లలు పెట్టించండి, అవి కనీసం రెండు వేరువేరు వైపులకు ముఖం చేసి ఉండాలి. ఆసరా లేని బల్ల మీద మనిషి ఎక్కువసేపు నిలవడు. నలభై నిమిషాల ధ్వనిని తయారు చేసి ఐదు నిమిషాల బల్ల వేయడం చాలాచోట్ల చూశాను.

సిరాగీత

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. చూపరి గారూ, దగ్గు వచ్చిన గీతను నేను ఉంచను. రెండు వస్త్రాలను అలా మొదటినుంచి మళ్లీ గీశాను. మీరు అడిగేవరకు దానిని గురించి ఆలోచించనే లేదు. మంద్రశ్రుతి గారూ, వస్త్రాలు ధ్వనిని పీల్చేస్తాయన్న మాట నాతో ఇంతవరకు ఎవరూ అనలేదు. ఈ చర్చ మొత్తాన్ని చెల్లెలికి చూపించాలనుకుంటున్నాను, కానీ ముందు పడుగుపేక గారు చెప్పినట్టు ఆమెను అడుగుతాను. సంతకం విషయంలో కూడా ఎవరైనా చెప్పగలిగితే మేలు.

సమాధానం 4 (పాతసంచిక)

సంతకం గురించి నాకు తోచినది చెప్తాను. పదిహేడవ శతాబ్దపు ఫ్రాన్స్‌లో అంత్వాన్, లూయీ, మాథ్యూ లె నెన్ అనే ముగ్గురు అన్నదమ్ములు రైతు కుటుంబాలను చిత్రించేవారు. వారు చిత్రాల మీద ఇంటిపేరు మాత్రమే రాశారు, ఎవరి పేరూ విడిగా రాయలేదు. ఏ చిత్రం ఎవరిదో పండితులు ఇప్పటికీ తేల్చలేకపోతున్నారు. దీనికి విరుద్ధమైనది గెంట్ నగరంలో వాన్ ఐక్ సోదరులు చర్చి పూజాపీఠం కోసం చేసిన చిత్రం: దానిని హ్యూబర్ట్ మొదలుపెట్టాడని, ఆయనను మించినవారు లేరని, కళలో రెండవవాడైన తమ్ముడు యాన్ 1432లో పూర్తి చేశాడని చట్రం మీదనే రాసి ఉంది. ఇంత స్పష్టంగా రాసిపెట్టినా ఎవరి చెయ్యి ఎక్కడుందన్న వాదన ఆగలేదు. కాబట్టి సంతకం వల్ల చరిత్రకారుల తగవు తీరుతుందని ఆశించనక్కర లేదు. అది మీ ఇద్దరి మధ్య న్యాయం కోసం.

మన భాషలో జంటగా రాసినవారి సంప్రదాయం బలంగా ఉంది. కొప్పరపు సోదరులు ఒకే వేదిక మీద అన్నదమ్ములుగా ఆశుకవిత్వం చెప్పారు. తిరుపతి వేంకట కవులు తోబుట్టువులు కారు గాని, తిరుపతి శాస్త్రి గారు కాలం చేసిన తరువాత కూడా చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గారు తన రచనలను జంట పేరుతోనే ప్రకటించారు. ఏ పద్యంలో ఏ పాదం ఎవరిదని అడిగే హక్కు పాఠకుడికి లేదన్నంత గట్టిగా ఆ పేరు నిలిచింది. ఇవన్నీ ఒకే మాధ్యమంలో జరిగినవి. మీ విషయంలో ఒకరి పని కంటికి, మరొకరిది చెవికి సంబంధించినది కావడం వల్ల అమ్మకందారుకు కంటికి కనిపించేదే వస్తువవుతోంది. భవనాలను, వంతెనలను బట్టతో చుట్టిన క్రిస్టో, జాన్ క్లాడ్ దంపతుల పనులు చాలాకాలం భర్త పేరుతోనే చెలామణి అయ్యాయి. 1994లో గాని వారు వెనకటి పెద్ద పనులన్నిటికీ కూడా ఇద్దరి పేర్లూ వర్తిస్తాయని ప్రకటించలేదు. మీరు అంతకాలం ఆగకండి. ఇప్పటివరకు అమ్ముడుపోయిన వస్త్రాలకు సంబంధించి కూడా ఇద్దరి పేర్లతో ధ్రువపత్రం రాసి కొన్నవారికి పంపవచ్చు.

దానితోపాటు కాగితం మీద కొన్ని విషయాలు రాసుకోండి. వస్త్రం విడిగా అమ్ముడైతే ధ్వనికారుల వాటా ఎంత, ధ్వని లేకుండా దానిని ప్రదర్శించవచ్చా లేదా, ఒకరు విడిపోతే ఉమ్మడి పేరు ఎవరిది, ఒకరు లేని నాడు సగంలో ఉన్న పనిని రెండవవారు పూర్తి చేయవచ్చా. చివరి ప్రశ్న అడగడానికి మనసు రాదు, తోబుట్టువుల మధ్య మరీ రాదు. బ్రెజిల్‌కు చెందిన ఫర్నిచర్ రూపకర్తలు కంపానా సోదరుల్లో తమ్ముడు ఫెర్నాందో 2022లో మరణించారు, అన్నగారు ఉంబెర్తో ఉమ్మడి స్టూడియోను కొనసాగిస్తున్నారు. అలాంటి రోజున ఏం చేయాలన్నది ఇద్దరూ కలిసి ముందే అనుకొని ఉంటే మిగిలినవారి భుజాల మీద బరువు కొంత తగ్గుతుంది.

పడుగుపేక

చూపరి గారు చెప్పినది ఒప్పుకుంటున్నాను. మాకు వేరు గదులు అవసరమయ్యాయి, ఎందుకంటే ఒకే గదిలో ఉన్నప్పుడు మా తమ్ముడు నా ముఖం చూసి తన పనిని దిద్దుకునేవాడు. అలా దిద్దుకోని ఇద్దరు పక్కపక్కన కూర్చుంటే నష్టం లేదు. అయితే సిరాగీత గారు రాసినదానిని బట్టి చూస్తే, ఇక్కడ ముఖం చూడడం జరుగుతోందనే అనుకుంటున్నాను.

సిరాగీత

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి.

చెల్లెలిని అడిగాను. మొదట "ఏమీ లేదక్కా" అంది. నేను మాట్లాడకుండా కూర్చున్నాను. చాలాసేపటికి లేచి, తన కంప్యూటరులోంచి ఒక ధ్వని వినిపించింది. అది నేను రెండవ పని చేస్తున్నప్పుడు వస్త్రం పక్కన మైకు పెట్టి తీసినది: కుంచె బట్ట మీద గీసుకుంటూ పోయే గరగర, ఆ తరువాత ఊపిరి అందక నేను చేసిన శబ్దం, మధ్యలో ఒక చోట నా దగ్గు, ఆ వెంటనే వస్త్రాన్ని విసుగ్గా చుట్టేస్తున్న చప్పుడు. ఆ పనిలో దీనినే వాడాలని ఆమె అనుకుందట. నేను నొచ్చుకుంటానని దాచి, శ్రుతినీ ఊపిరినీ మెత్తగా కలిపిన రూపాన్ని నాకు ఇచ్చిందట. విన్నప్పుడు నిజంగానే నొచ్చుకున్నాను. రెండవసారి విన్నప్పుడు, ఆ పెద్దాయన ఏమి జరగలేదన్నారో అది ఇందులో జరుగుతోందని తెలిసింది.

ఆ తరువాత మూడు రోజులు మేము వాదించుకున్నాము. మా జీవితంలో అది మొదటిసారి. వస్త్రాలు ఎక్కువయ్యాయని, తన ధ్వని వాటి మధ్య ఊపిరాడక పోతోందని మొదటి ప్రదర్శననాడే తెలుసునని చెప్పింది. ఐదు వస్త్రాలు తీసెయ్యాలంది. కారణం చెప్పకుండా వద్దనే హక్కును మేము కూడా పెట్టుకున్నాము కాబట్టి, వాటిలో ఒకదాని విషయంలో ఆమె దానిని వాడుకుంది. అది నాకు అన్నిటికంటే ఇష్టమైనది. దగ్గు వచ్చిన ఒక పాత వస్త్రాన్ని, సగంలో ఆగిపోయిన ఆ గీతతో సహా, బయటకు తీసి వేలాడదీశాము. ఆమె గొంతు గదికి ఒక చివర, నాది మరో చివర, హెర్ట్జ్‌లో పదవ వంతు తేడాతో ఉన్నాయి. మధ్యలో నిలబడి వింటే అల వస్తోంది, గోడ దగ్గరికి జరిగితే మారుతోంది.

గ్యాలరీవారికి ఛాయాచిత్రం వద్దని రాశాము, ఇంకా జవాబు రాలేదు. అమ్ముడుపోయిన నాలుగు వస్త్రాలకు ఇద్దరి సంతకాలతో ధ్రువపత్రాలు తయారయ్యాయి. ఇప్పుడు గదిలో ఎనిమిది వస్త్రాలు ఉన్నాయి, తీసినవి చుట్టి పక్కగదిలో పెట్టాము. ధ్వని నలభై నిమిషాలు ఉండాలని నేను, ఇరవై ఆరు చాలని ఆమె. అది ఇంకా తేలలేదు.